గోమార్ల షాంపూ ఎంతవరకు పనిచేస్తుంది, ఎప్పుడు మరో మందు కావాలి

గోమార్లు పట్టిన కుక్కకు మందు షాంపూతో స్నానం చేయించిన రోజు ఇంటిల్లిపాదికీ ఊరటగా ఉంటుంది. తొట్టిలో నీళ్లు ఇటుకరంగుకు తిరుగుతాయి, నురగలో నల్లటి నలుసులు తేలుతాయి, ఆ రాత్రి కుక్క గోక్కోకుండా నిద్రపోతుంది. నాలుగో రోజుకో అయిదో రోజుకో మళ్లీ వెనుక కాలు లేచి మెడ మీదికి పోతుంది. షాంపూ నకిలీదని, డబ్బు వృథా అయిందని అప్పుడు అనుకుంటాము. నిజానికి చాలా సందర్భాల్లో షాంపూ తన పని తాను చేసే ఉంటుంది; దానివల్ల కాని పనిని మనమే దానికి అప్పగించి ఉంటాము. షాంపూ కొనాలా, మెడ మీద వేసే చుక్కల మందు కొనాలా, మాత్ర వేయాలా, మెడకు మందు పట్టీ కట్టాలా అన్న ప్రశ్నకు జవాబు వెతికేముందు ఒక్కొక్కటి ఏ పనికి పుట్టిందో తెలుసుకుంటే ఎంపిక సగం తేలిపోతుంది.

ముందుగా మాట తేల్చుకోవాలి. మన వాడుకలో గోమారి అన్న పేరు రెండు వేర్వేరు పురుగులకు చెల్లుతోంది. చర్మాన్ని కరుచుకొని, రక్తం తాగి గింజలా ఉబ్బి, లాగితే గాని ఊడిరానిది ఒకటి. దానిని పిడుదు అంటే తికమక ఉండదు. వెంట్రుకల మధ్య చకచకా పాకుతూ, వేలు పెట్టబోతే గెంతి మాయమయ్యేది రెండవది. అది రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుతో, రెండు పక్కల నుంచి నొక్కినట్లు పలచగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది. పశువైద్యులు ఫ్లీ అని పిలిచేది దీనినే. ఈ వ్యాసంలో గోమారి అన్నచోటల్లా దీనినే అర్థం చేసుకోవాలి. ఈ తేడా మాటల పట్టింపు కాదు. గోమార్లను చంపే మందులన్నీ పిడుదులను చంపవు. ఉదాహరణకు ఇమిడాక్లోప్రిడ్ ఒక్కటే ఉన్న చుక్కల మందు గోమార్ల మీద చక్కగా పనిచేస్తుంది గాని పిడుదులను ఏమీ చేయదు.

పురుగు కంటబడనంత మాత్రాన లేదని కాదు. పళ్లు బాగా దగ్గరగా ఉన్న దువ్వెనతో తోక మొదట, నడుము మీద, మెడ చుట్టూ దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్లకాగితం మీద వేసి చూడాలి. మట్టి అయితే మట్టిలాగే ఉండిపోతుంది. గోమారి విసర్జన అయితే కాసేపటికి ఒక్కో నలుసు చుట్టూ తుప్పురంగు మరక పాకుతుంది, అది జీర్ణమైన రక్తమే కనుక. స్నానపు నీళ్లు ఇటుకరంగుకు తిరగడానికి కారణమూ ఇదే. పిల్లుల విషయంలో ఈ పరీక్ష మరింత అవసరం, ఎందుకంటే అవి రోజంతా ఒళ్లు నాక్కుంటూ గోమార్లను మింగేస్తాయి; చర్మమంతా చిన్న చిన్న పొక్కులు తేలినా ఒక్క పురుగూ కనిపించకపోవచ్చు.

షాంపూ చేతికి అందేదెంత

కుక్కల మీదా పిల్లుల మీదా ఎక్కువగా కనిపించేది ఒకటే జాతి గోమారి, పిల్లి గోమారి. కుక్కకు పట్టినా దాని పేరు అదే. పెద్ద పురుగు ఒకసారి జంతువు మీదికి ఎక్కితే సాధారణంగా దిగదు. రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో ఆడది గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, జోరు మీదున్నప్పుడు రోజుకు 40 నుంచి 50 వరకు పెడుతుంది. గుడ్లు నున్నగా, తెల్లగా, అర మిల్లీమీటరు సైజులో ఉంటాయి. అవి వెంట్రుకలకు అంటుకోవు; కుక్క నడిచినచోట, పడుకున్నచోట, దులుపుకున్నచోట ఉప్పు చల్లినట్లు రాలిపోతాయి. వాటి నుంచి వచ్చే లార్వాలు వెలుతురంటే పడక తివాచీ అడుగుకు, పరుపు కుట్లలోకి, నేల పగుళ్లలోకి దూరి, పైనుంచి రాలిన పెద్ద గోమార్ల విసర్జనను తిని పెరుగుతాయి. తరువాత జిగట పట్టుగూడు అల్లుకొని ప్యూపాలవుతాయి. దుమ్ము అంటుకొని నేలలో కలిసిపోయిన ఆ గూడు మీద పురుగుమందులు సరిగ్గా పనిచేయవు. వెచ్చదనం, తేమ అనుకూలిస్తే ఈ చక్రం అంతా రెండు మూడు వారాల్లో పూర్తవుతుంది. అనుకూలించకపోతే ప్యూపా నెలల తరబడి గూట్లో కాచుకొని కూర్చుంటుంది, పక్కనుంచి అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలిన క్షణాన బయటికి దూకుతుంది. మూసి ఉంచిన ఇంటికి చాలాకాలం తరువాత తిరిగి వచ్చినవారి కాళ్లను గోమార్లు ఒక్కసారిగా చుట్టుముట్టడం అందువల్లనే.

గోమార్లు పట్టిన ఒక ఇంట్లో ఉన్న మొత్తం సంతతిని లెక్కవేస్తే సుమారు సగం గుడ్లు, 35 శాతం లార్వాలు, 10 శాతం ప్యూపాలు, మిగిలిన 5 శాతం మాత్రమే జంతువు మీద ఉన్న పెద్ద పురుగులు అని పశువైద్య పాఠాలు చెబుతాయి. షాంపూ చేతికి అందేది ఆ 5 శాతమే. అదైనా స్నానం చేసే ఆ పది నిమిషాల్లో ఒంటి మీద ఉన్నవే. కడిగేసిన తరువాత చాలా షాంపూల మందు చర్మం మీద నిలవదు కనుక, ఒళ్లు ఆరకముందే పరుపు మీది నుంచి కొత్తది ఎక్కితే దానిని ఆపేది ఏదీ ఉండదు. దీనినిబట్టి షాంపూ పనికిరానిదని నేను అనడం లేదు. గోమార్ల భారం విపరీతంగా ఉన్న జంతువుకు ఆ రోజే, ఆ గంటలోనే ఉపశమనం కావాలి. విసర్జన, పొక్కుల చెక్కు, మురికి వదిలి చర్మం కంటికి కనిపించాలి. ఆ పనిలో షాంపూకు సాటి లేదు. నెలరోజుల కాపలా మాత్రం దానివల్ల కాదు.

షాంపూల్లో షాంపూకు తేడా

సీసా ముందువైపు బొమ్మను కాక వెనుకవైపు చిన్న అక్షరాలను చదవాలి. అక్కడ పైరీత్రిన్ అని ఉంటే అది చామంతి కుటుంబానికి చెందిన ఒక పూవు నుంచి తీసిన పురుగుమందు. గోమారి నరాల మీద వెంటనే దెబ్బ తీస్తుంది, వెలుతురు తగిలితే త్వరగా విచ్ఛిన్నమవుతుంది. దానితోపాటు పైపెరోనైల్ బ్యూటాక్సైడ్ అని మరో పేరు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. పురుగు శరీరం మందును విరిచేయకుండా అడ్డుకొని పైరీత్రిన్ బలాన్ని పెంచడానికి దానిని కలుపుతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు ఒక్కసారి భారం దించాలంటే ఈ జత సరిపోతుంది.

పర్మెత్రిన్ అన్న పేరు పైరీత్రిన్‌కు దగ్గరగా వినిపిస్తుంది గాని అది కృత్రిమంగా తయారుచేసినది, ఎక్కువ కాలం నిలిచేది. కుక్కలకు పనికివస్తుంది, పిల్లులకు విషం. దానిని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. చెవులు, ముఖం అదరడం, చొంగ కారడం, ఒళ్లు వణకడం, ఫిట్స్ రావడం, చివరికి ప్రాణం పోవడం వరకు వెళుతుంది. అన్నిటికన్నా ప్రమాదం కుక్కల కోసం చేసిన గాఢమైన పర్మెత్రిన్ చుక్కల మందుతోనే అయినా, షాంపూలో తక్కువ మోతాదే కదా అని పిల్లికి వాడడం ఏ మాత్రం తగదు. కుక్కా పిల్లీ ఒకే చోట పడుకునే ఇంట్లో కుక్కకు కూడా పర్మెత్రిన్ లేని మందునే ఎంచుకోవాలని నా అభిప్రాయం. చుక్కలు ఆరేవరకు వాటిని విడిగా ఉంచితే చాలని లేబులు చెప్పవచ్చు. కుక్క వీపును నాకే పిల్లిని రోజంతా కనిపెట్టుకొని ఉండడం ఎంతమందికి సాధ్యం?

కొన్ని షాంపూల్లో ఎస్-మెథోప్రిన్ అనే మూడో పదార్థం ఉంటుంది. ఇది పెద్ద పురుగును చంపదు, గుడ్లు, లార్వాలు పెద్దవి కాకుండా ఆపుతుంది. స్నానం తరువాత కొంత వెంట్రుకల మీద మిగిలి కొన్ని వారాలు గుడ్లను అడ్డుకుంటుందని అలాంటి సీసాల మీద రాసి ఉంటుంది. షాంపూ ఒక్కటే కొనగలిగే పరిస్థితి ఉంటే ఇది ఉన్నదాన్నే ఎంచుకోవడం తెలివైన పని. అయితే ‘నెలరోజుల రక్షణ’ అన్న పెద్ద అక్షరాలు గుడ్ల గురించి చెబుతున్నవా, కుట్టే పురుగుల గురించి చెబుతున్నవా అన్నది జాగ్రత్తగా చదువుకోవాలి. ఎక్కువగా గుడ్ల గురించే అయి ఉంటుంది.

మూలికలు, సుగంధ తైలాల షాంపూల మాటకు వస్తే, సహజమైనది కాబట్టి హాని చేయదన్న నమ్మకమే వాటిలోని అసలు ప్రమాదం. నిమ్మజాతి తొక్కల నుంచి వచ్చే లిమోనీన్, లినలూల్ గోమార్లను చంపుతాయి, నిజమే. అవి పిల్లులకు కూడా పడవు. టీ ట్రీ నూనె గాఢంగా తగిలితే కుక్కలకూ పిల్లులకూ విషప్రభావం కలుగుతుంది. ఫినాయిల్, కిరోసిన్ వంటివి నీళ్లలో కలిపి ఒళ్లు తుడవడం, వెల్లుల్లి తినిపించడం అయితే పురుగు కన్నా ముందు జంతువునే దెబ్బతీస్తాయి.

మందు ఏమీ లేని మామూలు షాంపూ, లేదా గిన్నెలు తోమే ద్రవ సబ్బు మాటేమిటి? ఇది వినడానికి చిన్నచూపుగా ఉన్నా నిజంగా పనిచేస్తుంది. గోమారి ఒంటికి నీరు అంటదు, నీటి మీద తేలుతుంది. సబ్బు ఆ నీటి తలతన్యతను తగ్గించేసరికి మునిగి చస్తుంది. పురుగుమందు వాడకూడనంత చిన్న కుక్కపిల్లలకూ పిల్లికూనలకూ ఇదే దారి. కాకపోతే గిన్నెల సబ్బు చర్మంలోని నూనెను లాగేస్తుంది, కనుక అది ఒకసారికే గాని వారంవారం చేసే స్నానానికి కాదు. మనుషుల షాంపూ కూడా అలవాటుగా వాడకూడదు. మన చర్మం కొంత ఆమ్లగుణం కలది, కుక్క చర్మం తటస్థానికి దగ్గరగా ఉంటుంది, మనకు సరిపోయేలా కలిపినది దానికి పొడిబారడం, పొట్టు లేవడం తెచ్చిపెడుతుంది.

స్నానం చేయించే తీరు

మంచి షాంపూ కొని దానిని వృథా చేయడానికి రెండు దారులున్నాయి: మెడను వదిలేసి వీపు నుంచి మొదలుపెట్టడం, నురగ రాగానే కడిగేయడం. వీపు తడవగానే గోమార్లు పొడిచోటు వెతుక్కుంటూ తలవైపు పరుగు తీస్తాయి. ఒకసారి మా కుక్కకు నడుము నుంచి నీళ్లు పోయడం మొదలుపెట్టి, రెండు నిమిషాల తరువాత చూస్తే కనుబొమల మీద, చెవుల అంచుల మీద, పెదవి మడతలో అవి గుంపు కట్టి ఉన్నాయి. కళ్ల దగ్గర మందు వేయలేము, కాబట్టి అక్కడికి చేరినవి బతికిపోయినట్లే. అందుకే ముందుగా మెడ చుట్టూ, చెవుల వెనుక చిక్కటి నురగతో ఒక కట్ట కట్టి, ఆ తరువాతే వెనక్కి, కడుపు కిందికి, తొడల లోపలికి, కాలివేళ్ల మధ్యకు, తోక మొదటికి రుద్దుకుంటూ పోవాలి. ముఖాన్ని తడిగుడ్డతో తుడిచి, అక్కడున్న వాటిని దువ్వెనతో తీసి సబ్బునీళ్ల గిన్నెలో ముంచాలి.

లేబులు మీద అయిదు నిమిషాలు అంటే అయిదు, పది అంటే పది; నురగ ఒంటి మీద అంతసేపు ఉండాలి. గడియారం చూడకుండా అంచనా వేస్తే రెండు నిమిషాలే పదిలాగా తోస్తాయి, ముఖ్యంగా కుక్క తొట్టిలోంచి దూకడానికి చూస్తున్నప్పుడు. గోరువెచ్చని నీళ్లతో జిడ్డు పూర్తిగా పోయేదాకా కడగాలి, మిగిలిన మందును అది నాకి మింగకుండా. తడి ఆరకముందే మరొకసారి దువ్వాలి. మందు తగిలి మత్తుగా ఉన్నవి అప్పుడు సులభంగా వస్తాయి. గోకి గోకి పుండు పడిన చర్మం మీద మందు షాంపూ వేయకూడదు, ముందు పశువైద్యునికి చూపించాలి.

చుక్కలు, మాత్రలు, పట్టీలు

మెడ వెనుక, భుజాల మధ్య వెంట్రుకలు పాయతీసి చర్మం మీద వేసే చుక్కల మందు చాలావరకు నెలరోజులు పనిచేస్తుంది. ఫిప్రోనిల్ చర్మపు నూనెలతోపాటు ఒళ్లంతా పాకి, నూనె గ్రంథుల్లో నిల్వ ఉండి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. సెలమెక్టిన్ చర్మం ద్వారా రక్తంలోకి వెళ్లి పనిచేస్తుంది. షాంపూతో కలిపి వాడదలచుకున్నవారికి ఈ తేడా చాలా ముఖ్యం. ఫిప్రోనిల్ చుక్కలు వేయడానికి రెండు రోజుల ముందు, వేసిన తరువాత రెండు రోజులు స్నానం చేయించకూడదు. నూనె కడిగేసిన చర్మం మీద అది పాకదు, వేసిన వెంటనే కడిగితే పోతుంది. సెలమెక్టిన్ వేసిన రెండు గంటల తరువాత స్నానం చేయించినా దాని పనికి లోటు రాదు. ఇది తెలియక నేను ఫిప్రోనిల్ చుక్కలు వేసిన మర్నాడే, మెడ జిడ్డుగా ఉందని మందు షాంపూతో శుభ్రంగా తోమాను. పది రోజులకు గోమార్లు తిరిగి వస్తే మందును తిట్టుకున్నాను. తప్పు నాది.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండ్ నదుల్లో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ ఆనవాళ్లు విస్తృతంగా ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు, పెంపుడు జంతువులకు వాడే మందులే అందుకు ఒక ముఖ్య కారణంగా భావిస్తున్నారు. చుక్కలు వేసిన కుక్కను కొద్దిరోజుల పాటు చెరువులోకో కాలువలోకో దింపకుండా ఉండడం మందు కోసమూ, ఆ నీళ్లలోని జీవుల కోసమూ మంచిది.

తరచుగా స్నానం చేసే కుక్కకు, నీళ్లంటే ఎగబడే కుక్కకు నేను చుక్కల కన్నా మాత్రనే ఎంచుకుంటాను. నోటి ద్వారా ఇచ్చినది రక్తంలో ఉంటుంది, షాంపూ దానిని కడగలేదు. అఫోక్సోలానర్, సరోలానర్, లోటిలానర్ నెలకొకసారి, ఫ్లూరాలానర్ నమిలే మాత్ర సుమారు 12 వారాలకొకసారి ఇచ్చేవి. గోమార్లతోపాటు పిడుదుల మీదా ఇవి పనిచేస్తాయి. పురుగు కుట్టాకే చస్తుందన్నది వీటి పరిమితి, అయినా గుడ్లు పెట్టేంత వ్యవధి దానికి దొరకదు. ఈ కుటుంబానికి చెందిన మందుల వల్ల కొన్ని జంతువుల్లో వణుకు, తూలుడు, ఫిట్స్ రావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. ఎక్కువ జంతువులు వీటిని ఏ ఇబ్బందీ లేకుండా తీసుకుంటాయి; అయితే ఇదివరకు ఫిట్స్ వచ్చిన జంతువు అయితే ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పకుండా వేయకూడదు.

షాంపూ చేసే తక్షణ పనిని స్నానం లేకుండానే చేసే మాత్ర ఒకటుంది, నైటెన్‌పైరమ్. వేసిన అరగంటలో గోమార్లు రాలడం మొదలవుతుంది, ప్రభావం ఒక రోజుతో తీరిపోతుంది. నాలుగు వారాల వయసు దాటి, సుమారు కిలో బరువున్న కుక్కపిల్లలకూ పిల్లికూనలకూ ఇవ్వవచ్చు. నీళ్లు చూస్తే గోళ్లు దించే పెద్ద పిల్లి విషయంలో, మందు షాంపూకూ దీనికీ మధ్య ఎంచుకోవలసి వస్తే నేను రెండో ఆలోచన లేకుండా దీనివైపే మొగ్గుతాను.

పట్టీల్లో నాణ్యతా భేదం చాలా ఎక్కువ. ఇమిడాక్లోప్రిడ్, ఫ్లూమెత్రిన్ కలిసి ఉన్న రకం ఎనిమిది నెలల వరకు పనిచేసేలా తయారైంది; పదేపదే సబ్బుతో స్నానం చేయిస్తే ఆ గడువు తగ్గుతుంది. ఘాటైన వాసన మాత్రమే వచ్చే చవక పట్టీల వల్ల మెడ చుట్టూ ఉన్నవి వెనక్కి నడుస్తాయి, అంతే. ఏ పట్టీ అయినా రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉండాలి, పిల్లికైతే ఎక్కడైనా తగులుకుంటే దానంతటదే ఊడిపోయే రకమే కావాలి. డెల్టామెత్రిన్ పట్టీలు కుక్కలకే.

ఏ జంతువుకు ఏది

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు గోమార్లు విపరీతంగా పడితే ఆ రోజు పైరీత్రిన్ షాంపూతో స్నానం, అదే రోజు గాని మర్నాడు గాని నెలకు సరిపడే మాత్ర. మాత్ర వద్దనుకుంటే రెండు రోజులు ఆగి చుక్కలు. షాంపూలో ఒక పైరీత్రాయిడ్ (పర్మెత్రిన్, ఫ్లూమెత్రిన్ వంటి కృత్రిమ మందు), చుక్కల్లో మరొకటి, పట్టీలో ఇంకొకటి అన్నట్లు ఒకే జాతి మందులను ఒంటి మీద పేర్చకూడదు. ఒక్కొక్కటి విడిగా సురక్షితమే అయినా కలిసినప్పుడు మోతాదు మించుతుంది. గోమార్లు నాలుగైదుకు మించి లేకపోతే మందు షాంపూ అవసరమే లేదు, నెలమందు ఒక్కటే చాలు.

పెద్ద పిల్లికి నా సలహాలో షాంపూకు చోటు చాలా తక్కువ. స్నానం దానికి భయం, మిగిలిన మందును నాకి మింగుతుందన్నది మనకు భయం. రోజూ దువ్వెన, పిల్లుల కోసమే తయారైన చుక్కలు, అవసరమైతే నైటెన్‌పైరమ్ సరిపోతాయి. పెద్ద కుక్క మోతాదును సగం చేసి పిల్లికి వేయడం పొదుపు కాదు, ప్రాణాపాయం. పొరపాటున కుక్కల మందు పిల్లి మీద పడితే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో వెంటనే కడిగి, తువ్వాలులో చుట్టి వెచ్చగా ఉంచి, మందు డబ్బాతో సహా వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. వణుకు మొదలయ్యేదాకా వేచి చూడకూడదు.

కొద్దివారాల కూనల విషయం వేరు. అరచేతిలో పట్టే పిల్లికూన మీద పదుల కొద్దీ గోమార్లుంటే రక్తహీనతతో అది చనిపోగలదు, చిగుళ్లు గులాబీరంగు పోయి తెల్లబారడం దాని గుర్తు. చాలా మందు షాంపూలు 12 వారాల లోపు వయసుకు పనికిరావని లేబులు మీదే ఉంటుంది. ఇక్కడ దువ్వెన, గోరువెచ్చని నీళ్లు, చుక్కెడు ద్రవ సబ్బు, ఆ తరువాత క్షణం ఆలస్యం లేకుండా ఒళ్లు పొడిగా ఆరబెట్టడం: ఇంతే చేయాలి. కూనలు త్వరగా చల్లబడిపోతాయి, కనుక ఒక్కొక్కదానినే కడిగి, వెచ్చటి గుడ్డలో పెట్టాకే రెండోదాన్ని తీయాలి. తల్లికి మందు వేయకుండా కూనలను మాత్రమే కడిగితే సాయంత్రానికి మళ్లీ మొదటికి వస్తుంది. పాలిచ్చే తల్లికి ఏది వేయవచ్చో వైద్యుడు చెప్పాలి.

గోమారి లాలాజలం పడని కుక్కలకు ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి నడుము, తోక మొదలు కొరుక్కొని వెంట్రుకలు ఊడగొట్టుకుంటాయి. వీటికి షాంపూ మీద ఆధారపడితే రెండు స్నానాల మధ్య కాట్లు తప్పవు, కాబట్టి ఏడాది పొడవునా మానకుండా నెలమందు వేయడమే దారి. ఊరటనిచ్చే స్నానానికి మందు లేని మృదువైన షాంపూ వాడుకోవచ్చు. కుందేళ్లకు స్నానమే చేయించకూడదు, ఫిప్రోనిల్ వాటికి ప్రాణాంతకం.

ఇల్లు

ఇంట్లో కుక్కలూ పిల్లులూ ఎన్ని ఉంటే అన్నిటికీ ఒకేసారి మందు పడాలి. గోక్కోని జంతువు మీద గోమార్లు లేవని కాదు. అవి పడుకునే గుడ్డలను వారానికొకసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. తివాచీలు, సోఫా మూలలు, మంచం కింద వ్యాక్యూమ్ క్లీనర్‌తో రోజూ లాగితే గుడ్లు కొన్ని పోతాయి, అంతకన్నా ముఖ్యంగా ఆ అదురుకు ప్యూపాలు గూట్లోంచి బయటపడి, మందు వేసిన జంతువు మీదికి ఎక్కి చస్తాయి. సంచిలోని చెత్తను వెంటనే మూటకట్టి ఇంటి బయట పారేయాలి. భారం ఎక్కువగా ఉంటే మెథోప్రిన్ గాని పైరిప్రాక్సిఫెన్ గాని ఉన్న ఇంటి స్ప్రేను, జంతువులను బయటికి పంపి, చేపల తొట్టిని కప్పి, లేబులు ప్రకారం కొట్టుకోవచ్చు.

ఇదంతా సరిగ్గా చేసినా నాలుగైదు వారాల వరకు కొత్త గోమార్లు ఒకటీ అరా కనిపిస్తూనే ఉంటాయి, ఒక్కోసారి రెండో వారంలో పెరిగినట్లు కూడా తోస్తుంది. మందు విఫలమైందని చాలామంది మార్చేసేది ఇక్కడే. అవి మందు వేయకముందే గూడు కట్టుకున్న ప్యూపాల నుంచి వస్తున్నవి. వాటికి కొత్త గుడ్లు పెట్టే అవకాశం లేకపోతే సంఖ్య తనంతట తానే పడిపోతుంది. ఆ మధ్యకాలంలో ఒళ్లంతా మళ్లీ మందు షాంపూ రుద్దడానికి బదులు, వారానికి రెండుసార్లు తెల్లకాగితం మీద దువ్వి నలుసులు తగ్గుతున్నాయో లేదో చూసుకోవాలి, నెలమందును కనీసం మూడు నెలలు తప్పకుండా కొనసాగించాలి. ఈలోగా జంతువు మలం మీద గాని, తోక కింద గాని బియ్యపు గింజల వంటి తెల్లటి ముక్కలు కదులుతూ కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు; గోమారిని మింగడం వల్ల వచ్చేవే. వాటికి గోమార్ల మందు పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్రను వైద్యుడు బరువు చూసి వేరుగా ఇస్తాడు.